గిడ్డమ్మ పట్టు

తెలుగు భాషా దినోత్సవం నాడు కరిగుడ్డం హైస్కూల్లో తెలుగు అయ్యవారు హనుమేష్ ఒక లావుపాటి పుస్తకం చేతబట్టుకుని మైకు ముందుకొచ్చాడు. కర్నూలు, కడప జిల్లాల్లో జనం నోట నానే మాటలు ఏరి కూర్చిన నిఘంటువు అది. కడపలో ఉండే నాగజ్యోతి అనే రిటైరైన లెక్చరరు పద్నాలుగేళ్లు ఊరూరా తిరిగి రాసింది. "మన ఆలూరు పక్క మాటలు గూడ ఇందులో శానా ఉండాయి, వినండి" అంటూ ఆయన ఒక్కొక్కటే చదువుతుంటే, ఇంట్లో అవ్వలు అనే మాటలు పుస్తకంలోకి ఎక్కినందుకు పిల్లలు కిలకిలమని నవ్వుతున్నారు.

అదే ఆవరణలో ఉన్న అంగన్‌వాడీ గదిలో శివలీల పసిపిల్లలకు గుడ్లు ఒలిచి పెడుతోంది. మైకులో మాట కిటికీలోంచి చక్కగా వినబడుతోంది.

"గిడ్డమ్మ పట్టు" అని చదివాడు హనుమేష్. "నామవాచకం. నమ్ముకున్నవారిని ఆపదలో వదిలేసే సాయం. బావి తవ్వకంలో మోకు వదిలి, ఒకరి కాలు పోవడానికి కారణమైన గిడ్డమ్మ అనే కూలి స్త్రీ పేరు మీదుగా వచ్చినది. ప్రయోగం: వాన్ని నమ్ముకుంటే గిడ్డమ్మ పట్టే."

పిల్లలు గొల్లుమన్నారు. ఆ మాట వాళ్లలో చాలామంది ఎరిగినదే. ఆ గిడ్డమ్మ ఇంకా బతికే ఉందనీ, అంగన్‌వాడీ టీచరు కన్నతల్లి ఆమేననీ మాత్రం ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఎమ్మిగనూరు నుంచి నిరుడే బదిలీ మీద వచ్చిన హనుమేష్‌కు కూడా తెలియదు.

శివలీలకు నలభై ఒక్క ఏళ్లు. ఆ మాట ఆమెతో పాటే పెరిగింది. బడిలో చేతిలోంచి పలక జారినా, ఆటలో పట్టుకున్న పిల్ల తప్పించుకున్నా "గిడ్డమ్మ పట్టు" అనేవాళ్లు. పెళ్లిలో అక్షింతల పళ్లెం ఒరిగితే అత్తగారి వైపు ముసలామె ఒకతె అదే మాట అని నోరు కరుచుకుంది. ఊళ్లో అన్నంత కాలం శివలీల వినీ విననట్టు ఊరుకుంది. గాలిమాట గాలికి పోతుంది, దాని వెంట పడి కొట్లాడేదెక్కడ అనుకునేది. ఈ రోజు అది అచ్చులోకి ఎక్కింది. ఆమెకు ఒళ్లంతా మండిపోయింది. పిల్లలకు గుడ్లు తినిపించి, చేతులు కడుక్కుని, సభ అయిపోయేదాకా వేపచెట్టు కింద నిలబడి, నేరుగా హనుమేష్ దగ్గరికి పోయింది.

"సార్, ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?"

ఆమె ఎవరి బిడ్డో పక్కనున్న మేష్టారు ఆయన చెవిలో వేశాడు. హనుమేష్ ముఖం పాలిపోయింది. "అక్కా, నాకు తెల్దక్కా. దేవుని మింద ఒట్టు."

"మీ తప్పేముంది సార్. ఉండేది చదివినారు."

ఆమె ఆ పుటను ఫోనులో ఫోటో తీసుకుంది. మొదటి పుటలో ఉన్న కడప చిరునామాను కూడా తీసుకుంది. ఆ వచ్చే ఆదివారమే గుంతకల్లు పోయి రైలెక్కింది.

నాగజ్యోతికి అరవై దాటాయి. బద్వేలు పక్క రైతుల బిడ్డ. నెరిసిన జుట్టు, గట్టి గొంతు, ఎవరొచ్చినా ముందు మంచినీళ్లిచ్చే అలవాటు. ముందుగది నిండా అట్టపెట్టెలు, వాటి నిండా చీటీలు. రెండో ముద్రణకు పని సాగుతోంది.

"మేడమ్, మీ పుస్తకంలోంచి ఒక మాట తీసేయాల" అంది శివలీల, నీళ్ల గ్లాసు కింద పెట్టి.

నాగజ్యోతి నవ్వింది. "బూతుమాటలు తీయమని ఇంతకుముందే ముగ్గురు వచ్చి పోయినారమ్మా. నేను తీయలేదు. నీది ఏ మాట?"

శివలీల చెప్పింది. నాగజ్యోతి నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్లి ఒక పెట్టెలోంచి చీటీ తీసి, కళ్లజోడు సర్దుకుని చదువుకుంది.

"చూడు తల్లీ, మూడు ఊర్లలో ముగ్గురు చెప్తేగానీ నేను మాట తీసుకోను. ఇది పదకొండు ఊర్లలో దొరికింది. ఆదోని పక్క గూడ అంటాండారు. దాని వెనక కథ నిజమా అబద్ధమా అని తేల్చడం నా పని కాదు. జనం అంటాండారా లేదా, అంతే చూస్తా. నేను తీసేస్తే జనం అనేది మానుకుంటారా?"

"మానుకోరు మేడమ్. అయితే ఇన్నాళ్లూ అది మా పక్కనే తిరుగుతాండె. మీరు రాసినంక చదువుకున్నోళ్లకు గూడ తెలిసింది. రేపు మా పిల్లోళ్ల పిల్లోళ్లు పరీక్షలో రాస్తారు."

"ఒకటి తీస్తే రేపు ఇంకొకరు ఇంకొకటి తీయమంటారు. నిఘంటువు అట్ల చిల్లులు పడిపోతుందమ్మా. కథ తప్పని తేలితే ఆ వాక్యం సరిచేస్తా. అంతవరకే చేయగలను."

"సరిచేసేది వద్దు. తీసేయాల." శివలీల గొంతు పెంచలేదు. "మేడమ్, ఈ మాట అనేవాళ్లను పదకొండు ఊర్లలో అడిగినారు గదా. ఆ పేరుగలామెను అడిగినారా?"

"ఆమె ఉండాదని నాకు తెల్దు. ఎప్పుడో పాతకాలం మనిషి అనుకున్నా" అంది నాగజ్యోతి. ఆ తరవాత చీటీని బల్లమీద పెట్టి, సూటిగా చూసింది. "నువ్వు అడిగినావా?"

తిరుగు రైల్లో తాడిపత్రి దాటేదాకా ఆ ప్రశ్నే శివలీల తలలో తిరిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మాట వింటూ వచ్చింది. అసలు ఆ రోజు బావి దగ్గర ఏం జరిగిందని తల్లిని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే అవునంటుందేమోనని భయం.

బావి సంగతి ఊళ్లో అందరూ చెప్పేది ఒక్కటే. ముప్పై ఏడేళ్ల కిందట, వానల్లేక చేలన్నీ బీడుపడిన ఏడు, పెద్దింటి సుబ్బయ్య తన పొలంలో బావి తవ్వించాడు. లోపల రాయి కొట్టేది చిన్న ఈరన్న. ఆ రాళ్లను ఇనుపగంపలో నింపితే, పైన గిలక మీదుగా మోకు లాగి గంపను గట్టుకు చేర్చేది గిడ్డమ్మ, ఆమె మొగుడు ఉరుకుందు. ముందు పట్టు ఆమెది, వెనక పట్టు అతనిది. ఒకనాటి పొద్దున నిండుగంప సగం దూరం వచ్చి లోపలికి పడిపోయింది. ఈరన్న కుడికాలు నుజ్జయింది. గిడ్డమ్మ మోకు వదిలేసిందని సుబ్బయ్య అన్నాడు. ఊరు కూడా అదే అనింది. మోకు తెగిందని ఉరుకుందు ఎంత మొత్తుకున్నా, పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడని నవ్వారు. ఆ తరవాత పదేళ్లకు అతను పోయాడు. మాట మిగిలింది.

శివలీల ఇంటికి చేరేసరికి గిడ్డమ్మ అరుగు మీద చేట ముందేసుకుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. శివలీల పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచింది.

"మ్మా, ఒకటి అడుగుతా. కోపం చేసుకోవద్దు. ఆ పొద్దు మోకు నువ్వు వదిలినావా?"

గిడ్డమ్మ చేయి ఆగింది. డెబ్బై రెండేళ్ల మనిషి. అంత సూటిగా ఎవరూ ఆమెను అడిగి ఉండరు.

"తెల్దు" అంది.

"తెల్దంటే ఎట్లమ్మా?"

"ఎనక్కి పడినా. బండకు తల తగిలింది. కండ్లు తెరిచేసరికి జనమంతా నా చుట్టూ మూగిండారు, బూతులు తిడతాండారు. ముందర నేను గూడ మోకు తెగిందనే అనుకున్నా. మీ నాయన గూడ అదే చెప్పె. మద్యాన్నానికే సుబ్బయ్య ఆ మోకు మాయం చేసి కొత్తది తగిలించె. ఇంగ ఎవురికి సూపిచ్చేది? ఏండ్లూ పూండ్లూ జనం అదే మాట అంటాంటే..." ఆమె తన అరచేతులు చూసుకుంది. "నా చేతులే జారినాయేమో అని నాకే అనుమానం పట్టుకునింది. మీ నాయన నా కోసమని అబద్ధం ఆడినాడేమో పాపం."

మాట ఊరికే అవమానించి వదల్లేదు, తల్లి మతిలోకి కూడా దూరి కూర్చుంది.

"ఈరన్న మామ ఏమన్నాడు అప్పుడు?"

"వాడేమంటాడు. ఆదోని ఆస్పత్రిలో మూన్నెల్లు పడిండె. బాగైనంక మళ్లా ఊరికి రాలేదు. సుబ్బయ్యే వాన్ని మంత్రాలయంలో కూసోబెట్టినాడు."

మంత్రాలయంలో మఠానికి పోయే దారిలో చెప్పులు కాపాడే గూడు ఉంది చిన్న ఈరన్నకు. శివలీల మరుసటి ఆదివారం అక్కడ దిగింది. యాత్రికులు విడిచిన చెప్పులను జతలు జతలుగా అరల్లో పెడుతూ, బిళ్లలు ఇస్తూ, చంకకర్ర ఊతంతో చురుగ్గా కదులుతున్నాడు డెబ్బై ఏళ్ల మనిషి. తానెవరి బిడ్డో ఆమె చెప్పగానే అతని చేతిలో బిళ్ల అక్కడే నిలిచిపోయింది.

"పాత సంగతులమ్మా. నాకేం గురుతు లేదు. స్వామి దర్శనం చేసుకుని పో."

ఆమె దర్శనం చేసుకోకుండానే తిరిగొచ్చింది. ఆ మరుసటి ఆదివారం మళ్లీ పోయింది. ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు, ఈరన్నకు ఒంటిచేత్తో సాగడం లేదు. శివలీల అడగకుండానే లోపలికి దూరి పొద్దు వాలేదాకా చెప్పులు అందుకుని అరల్లో సర్దింది. అతను వద్దనలేదు. సందడి తగ్గాక ఆమె ఫోను తీసి, పుస్తకంలో రాసింది అక్షరం వదలకుండా చదివి వినిపించింది.

"ఒకరి కాలు పోవడానికి..." అని అతను మళ్లీ అనుకున్నాడు. "నా కాలు గూడ రాసినారా?"

"రాసినారు మామా. నీ పేరు రాయలేదు. మా అమ్మ పేరే రాసినారు."

ఈరన్న తల తిప్పుకుని నదివైపు చూస్తూ కూర్చున్నాడు. "పొద్దుపోయింది, బస్సు దొరకదు, పో" అన్నాడు.

మూడో ఆదివారం ఆమె వచ్చేసరికి గూడు ముందు రెండు టీలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెకొకటి అందించాడు.

"నువ్వు మళ్లీ వస్తావని తెలుసు" అన్నాడు. "సుబ్బయ్య నన్ను ఆస్పత్రిలో సూసుకున్నాడమ్మా. ఈ జాగా ఇప్పిచ్చినాడు. నోట్లో అన్నం పెట్టి నోరు మూసినాడు. ఆయన పోయి గూడ ఎన్నేండ్లాయ. ఇంగ ఎవురికి భయపడేది? సిగ్గే నాకు అడ్డమొచ్చింది. ముప్పై ఏడేండ్లు ఊరుకుని ఇప్పుడు చెప్తే నా మొగాన ఉమ్ముతారని."

"ఏం జరిగింది మామా?"

"మీ నాయన మీ అమ్మ ముందునాడే చెప్పిండారు, గిలక కాడ మోకు పీచులు లేస్తాండాదని. నేను లోపల నుంచి విన్నా. రేపు తెప్పిస్తాలే అన్నాడు సుబ్బయ్య. మరుసనాడు గంప నా కాలు మింద పడింది. గంపకు కట్టిన మోకు గూడ పడింది. ఎంత పడింది తెలుసా? రెండు బారలు. కొన చూస్తే జొన్నకంకి పీచు లెక్క విచ్చుకుని ఉండాది. మీ అమ్మ వదిలింటే మోకంతా జరజరా నా నెత్తిన పడాల గదా. పడలేదు. తెగిన ముక్కే పడింది."

శివలీల టీ గ్లాసు నేల మీద పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. దారిన పోయేవాళ్లు చూస్తున్నా చాలాసేపు అట్లాగే ఏడ్చింది. ఏడుపు ఆగాక కళ్లు తుడుచుకుని, "ఇది మా అమ్మకు నువ్వే వచ్చి చెప్పాల" అంది.

"ఊరికా?"

"ఊరికే. అందరూ ఇనేటట్ల."

అతను చంకకర్ర వైపు చూశాడు. "వస్తా. ఎప్పుడో చెప్పు."

ఆమె అక్కడి నుంచే కడపకు ఫోను చేసింది. నాగజ్యోతి అంతా విని, "నేనూ వస్తా. ఇది ఫోనులో తేలే పని కాదు" అంది.

దసరా అయిన మూడో రోజు కరిగుడ్డంలో శివలీల ఇంటి ముందు జనం చేరారు. ఒకరు పిలిస్తే వచ్చినవాళ్లు కొందరు, ఒంటికాలి ఈరన్న ఆటో దిగడం చూసి వచ్చినవాళ్లు ఎక్కువ. హనుమేష్ తన పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు. నాగజ్యోతి చాప మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. ఈరన్న కుర్చీ వద్దన్నాడు. చంకకర్ర మీద ఆనుకుని నిలబడే చెప్పాడు. ముందునాటి మాట, సుబ్బయ్య జవాబు, గంప, పీచు విచ్చుకున్న కొన, ఏదీ దాచలేదు. తాను నోరు మూసుకున్న సంగతి కూడా తానే చెప్పుకున్నాడు. ఎవరూ ఉమ్మలేదు. పెద్దింటి గుమాస్తాగా చేసిన ముసలాయన ఒకాయన మాత్రం మధ్యలోనే లేచి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

గిడ్డమ్మ గడపలో కూర్చుని కదలకుండా వింది. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"రెండు బారలేనా ఈరన్నా?"

"రెండు బారలే అక్కా. నా కండ్లార చూసినా."

"అయితే మీ బావ నిజమే చెప్పినాడు" అంది ఆమె. మొగుడి గురించి ఆమె అన్న ఆ మాటకు ఆడవాళ్లు కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె మాత్రం ఏడవలేదు. వీపు నిటారు చేసుకుని, నాగజ్యోతి వైపు తిరిగింది. "ఆ పుస్తకం రాసింది నువ్వేనా తల్లీ?"

"నేనేనమ్మా. నిన్ను అడక్కుండా రాసినా. తప్పే." నాగజ్యోతి కొంచెం తటపటాయించింది. "జరిగిన నిజం ఇప్పుడు తెలిసింది. ఆ మాట ఉంచి, దాని పక్కన ఈ నిజం రాయమంటావా? నీకు జరిగిన అన్యాయం అందరికీ తెలుస్తుంది."

శివలీల ఏదో అనబోయింది. గిడ్డమ్మ చేయెత్తి ఆపింది.

"నిజం ఈ జనానికి తెలిసె, నాకు తెలిసె. సాలు. నా పేరు చెప్పి ఒకరినొకరు తిట్టుకునేది పుస్తకంలో ఉండకూడదు. రాసిన చెయ్యి నీదే గదా, నువ్వే తీసెయ్."

నాగజ్యోతి సంచిలోంచి ఆ చీటీ తీసింది. పద్నాలుగేళ్లలో ఆమె పోగుచేసిన చీటీల్లో ఒక్కటి కూడా పారేసి ఎరగదు. దాన్ని నిలువునా, అడ్డంగా చించి, ముక్కలు గిడ్డమ్మ ఒడిలో పెట్టింది. "బతికున్న మనిషి పేరు ఆ మనిషి ఒప్పుకోకుండా తిట్టుగా రాయకూడదని కొత్త ముద్రణ ముందుమాటలో నియమం పెడతా. వేరేవాళ్లు అడిగినా ఇదే నియమం" అంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది కూడా.

అయితే మాటలు మనుషుల కంటే మొండివి. ఈరన్న వచ్చిపోయిన వారానికే కొళాయి దగ్గర ఒక కుర్రది బిందె జారవిడిస్తే, వెనకున్న ఆమె "సుబ్బయ్య మోకు!" అని నవ్వింది. పక్కవాళ్లూ నవ్వారు. నాలుగు రోజుల్లో ఊరంతా అదే మాట. అది విని గిడ్డమ్మ పడీపడీ నవ్వింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, "ఇంగొకసారి చెప్పు" అని శివలీల కొడుకుతో మళ్లీ అనిపించుకుంది.

శివలీలకు కూడా మొదట కడుపు చల్లబడింది. కానీ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే హర్షిణి, సుబ్బయ్య మునిమనవరాలు, ఒకనాడు మధ్యాహ్నం అన్నం తినకుండా అంగన్‌వాడీ గది వెనక ఒంటరిగా కూర్చోవడం చూసింది. ఏమైందని అడిగితే పిల్ల చెప్పలేదు. చెప్పే పని లేదు. ఆ వయసులో ఆ గోడ వెనక తానూ కూర్చుంది.

మరునాడు పొద్దున్నే కొళాయి దగ్గరికి బిందె లేకుండా పోయి నిలబడింది.

"ఆ మాట గూడ వద్దు" అంది అందరితో. "తప్పు చేసినాయన సచ్చిపోయినాడు. ఆ పాప ఏం చేసిండాది?"

"నీకెందుకు శివలీలా? మీ అమ్మను అన్నప్పుడు వాళ్లకు పట్టిందా?"

"వాళ్లకు పట్టలేదు. నాకు పట్టింది. నా ముందర ఎవురన్నా సరే, ఇట్లనే ఆపుతా."

అన్నంత పనీ చేసింది. బస్సులో ఎవరన్నా ఆపింది, పొలంలో ఎవరన్నా ఆపింది. కొందరు ఎగతాళి చేశారు. కొందరు ఆమె కనబడితే నాలుక కరుచుకోవడం నేర్చుకున్నారు. గిడ్డమ్మ రెండు రోజులు కూతురి మీద అలిగి, మూడో రోజు తనే మనవడిని కసిరింది.

మిగిలింది పాత పుస్తకాలు. మొదటి ముద్రణ అమ్ముడైనవి ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలియదు కానీ, రెండు జిల్లాల గ్రంథాలయాలకు, బళ్లకు నలభై ఒక్క కాపీలు వెళ్లినట్టు నాగజ్యోతి దగ్గర పట్టీ ఉంది. సవరణ కాగితం అచ్చువేసి పంపుతానని ఆమె అంది. శివలీల ఒప్పుకోలేదు. "సవరణ అంటూ మళ్లీ ఆ పేరే రాస్తారు గదా మేడమ్. తెల్లకాగితం చాలు. నేనే అతికిస్తా."

నాగజ్యోతి చాలాసేపు వాదించి, చివరికి సంతకం పెట్టిన ఉత్తరం ఒకటి, పట్టీ ఒకటి పంపింది. శివలీల ఆ ఐదు వరుసల కొలతకు తెల్లకాగితం కత్తిరించుకుని, గమ్ముడబ్బా సంచిలో వేసుకుని, సెలవు దొరికినప్పుడల్లా బయలుదేరింది. స్కూలు కాపీతో మొదలుపెట్టి ఆలూరు, ఆదోని, పత్తికొండ, డోన్ అయ్యాయి.

కర్నూలులో గ్రంథాలయం ఉద్యోగి రత్నమణి ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "రాసినామె ఒప్పుకున్నా, పుస్తకం ఇప్పుడు గ్రంథాలయానిది గదమ్మా. పైవాళ్లను అడగాల. ఎంతసేపవుతుందో ఏమో."

"అడగండి. కూర్చుంటా."

ఆమె చదువుకునే బల్ల దగ్గర రెండున్నర గంటలు కూర్చుంది. పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివింది, ఇంకో పేపరు చదివింది. చివరికి రత్నమణే ఆ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టింది. శివలీల పుట తెరిచి, గమ్ము పలచగా రాసి, కాగితం అంచులు వరుసలకు సరిపోయేలా ఆనించి వేలితో నొక్కింది. కింద ఒక అక్షరం తోక కనబడితే దాని మీద ఇంకొక చిన్న ముక్క వేసింది. ఆరేదాకా పుటను తెరిచే ఉంచి, పట్టీలో కర్నూలు ఎదురుగా గీత కొట్టింది.

"ఇంకా ఎన్ని ఉండాయి?" అని అడిగింది రత్నమణి.

"ముప్పై ఐదు." శివలీల డబ్బా మూత బిగించి సంచిలో వేసుకుంది. "నందికొట్కూరు బస్సు యాడ నిలబడుతుంది మేడమ్? ఐదింటికి గ్రంథాలయం మూసేలోపల పోవాల."